ఆరు నుంచి ఇరవై

కాలేజీ వెనక పాత సైకిల్ స్టాండులో
ఒక మూలకి గోడ లేపి, సున్నం కొట్టించి
ఇదే మీ ల్యాబు అన్నారు.
ఎక్కడికీ పోని ఒంటిచక్రం సైకిలు,
సున్నా దగ్గర నిలవని కాటా,
గోడకి మేకు కొట్టిన అట్ట.
అట్ట మీద పైనుంచి కిందికి, ఆరు నుంచి ఇరవై.
ఆరంటే అలుపే లేదు.
ఇరవై అంటే ఇక నా వల్ల కాదు.
ఆరుతో మొదలేమిటని అడగనివాళ్లు లేరు.
గుండె నిమిషానికి అరవై, అందులో సున్నా తీసేశారని
ఇరవై ఎనిమిదేళ్లు చెప్పాను.

కొండవెలగాడ నుంచి బరువులెత్తే కుర్రాళ్లు వచ్చేవారు,
సంచుల్లో చోడి అంబలి సీసాలతో.
పక్కన ఇంకో కుర్రాడుంటే ఎంత తొక్కించినా "ఆరే" అనేవారు.
తలుపేసి అడిగితే పదిహేడు.

నెల్లిమర్లలో రాత్రి షిఫ్టు దిగి
సరాసరి వచ్చేవాడు సువ్వారి అసిరినాయుడు.
కనుబొమ్మల్లో జనపనార పీచు,
మగ్గాల మోతకి అలవాటైన పెద్ద గొంతు.
వేలు పొడిచి బొట్టు తీస్తుంటే
"నా రగతంలో ఏటి ఎతుకుతన్నారు మేడంగోరూ?"
అలుపుని, అన్నాను.
"అది రగతంలో ఉంటాదేటి!"

ఉంటుందనే అనుకున్నాను అప్పట్లో.
నేను చదివిన పుస్తకాల్లో కండ ఒక పొయ్యి,
కట్టె అయిపోతే ఆరుతుంది.
కానీ ఇక తొక్కలేనని దిగిపోయిన కాలికి
చిన్న కరెంటు తగిలిస్తే
అది గట్టిగానే తన్నింది.
అంటే గాదె ఖాళీ కాలేదు.
విత్తనం గింజలు పొయ్యి మీదికి పోకుండా
లోపల ఎవరో తాళం చెవి బొడ్లో దోపుకుని కూచున్నారు.
ఆ మనిషి కోసమే నా ఉద్యోగమంతా వెతికాను.

ఒక మే నెలలో గోడ గడియారానికి అబద్ధం నేర్పాను.
"ఆఖరి నిమిషం" అన్నాను.
అసిరినాయుడు సీటు మీంచి లేచాడు,
ఎక్కణ్ణుంచి తెచ్చాడో అంత ఓపిక,
కాగితం మీద గీత కొండెక్కింది.
అప్పుడు చెప్పాను: ఇంకా ఐదు నిమిషాలు.
తిట్టలేదు. ఆగలేదు.
ఒక్కసారి నా వైపు చూశాడు.
ఆ చూపుని ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.
పేపరు అచ్చయింది. ప్రమోషనూ వచ్చింది.

పేపరు ఇంగ్లీషులో రాస్తున్నప్పుడు
ఓపిక దగ్గర కలం ఆగింది.
ఒకచోట సత్తువ అని, ఒకచోట సహనం అని
రెండు మాటలు పెట్టాల్సొచ్చింది.
రెండూ ఎలా ఒకటవుతాయి, ఒకటి తీసెయ్యండన్నారు.
సహనం తీసేశాను.

మిల్లుకి తాళం పడ్డ ఏడాది
పిలవకుండానే వచ్చాడు.
నాడి యాభై ఎనిమిది. నెత్తుటిలో ఏమీ లేదు.
సైకిలెక్కలేదు. బల్ల మీద కూచుని
అట్ట అడుగున వేలు పెట్టాడు.
"ఏ పనీ సెయ్యనేదు. మరి ఇదేటి?"
యంత్రం తప్పేమోనని మూడుసార్లు చూశాను.
బయట కోటవైపు పోయే ఆటోల హారన్లు.
"ఆకరెక్కడో తెలిత్తే తొక్కీగల్ను" అన్నాడు.
కాసేపాగి,
"దొంగ ఆకరైనా పర్నేదు."

నేను ఇరవై అని రాసుకున్నాను.

నిన్న గది ఖాళీ చేశాం.
సైకిలుని పాత ఇనుముకి తూచారు,
ఈసారి కాటా సరిగ్గానే నిలిచింది.
ఊడ్చడానికొచ్చిన పోలమ్మ చీపురు ఆపి
"మీకెంత మేడంగోరూ?" అంది అట్ట చూపించి.
పదమూడన్నాను, అలవాటుగా,
అడిగేవాళ్లు లేక ఎప్పుడూ చూసుకోని అంకె.
మేకు పీకి అట్ట దించాను.
అంకెల మీద వేళ్లు తగిలి తగిలి పదకొండు చెరిగిపోయింది.
ఇరవై కింద, ఏ అంకే లేని చోట,
బెత్తెడు దిగువన
ఒక వేలి మరక.